బైబిలులో స్వేచ్ఛా సంకల్పము

స్వేచ్ఛా సంకల్పము అనగా మనుష్యుడు తాను చేయబోవు పనిని తానే ఎంచుకొనగల శక్తి. సర్వము నెరిగిన, సర్వాధికారియైన దేవుడు ఉన్నప్పుడు ఈ శక్తి మనుష్యునికి నిజముగా ఉన్నదా అనునది బైబిలు వ్యాఖ్యాతలు శతాబ్దములుగా తర్కించుచున్న ప్రశ్న. బైబిలులో ఈ పేరుతో సిద్ధాంతము గాని నిర్వచనము గాని లేదు. లేవీయకాండములో స్వేచ్ఛార్పణము అను మాట ఉన్నది గాని, అది మ్రొక్కుబడితో నిమిత్తము లేక ఇష్టపూర్వకముగా తెచ్చు అర్పణకు పేరు. కనుక సమాధానమును కథలనుండి, ఆజ్ఞలనుండి, ప్రవక్తల బోధలనుండి గ్రహింపవలసి యున్నది.

మనుష్యుని ఎంపిక

ద్వితీయోపదేశకాండము 30వ అధ్యాయములో మోషే ఇశ్రాయేలీయుల ముందు జీవమును మరణమును ఉంచి, జీవమును కోరుకొమ్మని బోధించినాడు. దీనికంటె తేటయైనది కయీను కథ (ఆదికాండము 4). కయీను తన తమ్ముని చంపక మునుపే దేవుడు అతనిని హెచ్చరించి, పొంచియున్న పాపమును అతడే లొంగదీయవలెనని చెప్పినాడు. హత్య తప్పనిసరియే అయినచో ఆ హెచ్చరికకు అర్థము ఉండదు. తండ్రుల పాపములకు తాము శిక్ష అనుభవించుచున్నామని సామెత చెప్పుకొనుచుండిన ప్రజలను యెహెజ్కేలు ప్రవక్త (18వ అధ్యాయము) ఖండించి, ఎవరి దోషమునకు వారే బాధ్యులని, దుష్టుడు సహితము తన మార్గము మార్చుకొని బ్రదుకవచ్చునని బోధించినాడు.

దైవ నిర్ణయము

మనుష్యుడు తన మార్గమును ఆలోచించుకొన్నను అడుగులను స్థిరపరచువాడు దేవుడే అను భావము సామెతలు 16:9లో ఉన్నది. యోసేపును అతని అన్నలు ద్వేషముతోనే అమ్మివేసినారు. వారు కీడు తలపెట్టగా దేవుడు దానినే మేలునకు ఉద్దేశించినాడని యోసేపు తరువాత వారితో చెప్పినాడు (ఆదికాండము 50). అపొస్తలుల కార్యములు 2:23లో యేసు మరణము దేవుని సంకల్పము ప్రకారము జరిగినదని చెప్పిన పేతురు, అదే వాక్యములో వినుచున్నవారిని ఆ మరణమునకు బాధ్యులను చేసినాడు. ఒకటి రెండవదానిని తగ్గించుట లేదు. కావున దీనిని మన తలరాత అను మాటతో సరిపెట్టుట తగదు. తలరాతలో నేరము చేసినవానికి తప్పించుకొను సాకు ఉన్నది, ఇక్కడ లేదు.

ఫరో హృదయ కాఠిన్యము

ఈ రెండు భావములు నేరుగా ఢీకొనునది ఐగుప్తు రాజైన ఫరో కథలో. దాసులైన ఇశ్రాయేలీయులను విడిచిపెట్టుటకు ఫరో నిరాకరించినాడు. దేశము మీదికి పది తెగుళ్లు వచ్చినవి. అతని హృదయమును దేవుడే కఠినపరచినచో, అతనిని శిక్షించుట న్యాయమా?

నిర్గమకాండము 4 నుండి 14 వరకు గల అధ్యాయములలో హృదయ కాఠిన్యము దాదాపు 20 సార్లు ప్రస్తావింపబడినది. కొన్ని చోట్ల హృదయము కఠినమాయెనని మాత్రమే ఉన్నది. కప్పల తెగులు తరువాత (8:15), ఈగల తెగులు తరువాత (8:32) ఫరో తానే హృదయమును కఠినపరచుకొన్నాడు. దేవుడు కఠినపరచినట్లు కథనములో మొదట కనబడునది ఆరవ తెగులైన దద్దురుల తరువాతనే (9:12). అయితే వడగండ్ల తరువాత మరల ఫరో తానే ఆ పని చేసినట్లున్నది (9:34). పైగా దేవుడు అట్లు చేయబోవునని 4:21లో ముందే చెప్పబడినది. కాబట్టి ఐదు తెగుళ్లు ఫరో వంతు, ఐదు దేవుని వంతు అని కొందరు చేయు తేలిక పంపకము పూర్తిగా పొసగదు. హీబ్రూ మూలములో దీనికి వాడిన క్రియలు మూడు. వాటి అర్థములు గట్టిపడుట, బరువగుట, కఠినమగుట.

మూడవ శతాబ్దపు ఓరిజెన్, ఒకే ఎండకు మైనము కరుగును, బురద గట్టిపడును, తేడా పదార్థములోనిదని వివరించినాడు. పన్నెండవ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ ప్రకారము ఫరో మొదట స్వేచ్ఛతోనే పాపము చేసినాడు. పశ్చాత్తాపపడు అవకాశమును తీసివేయుటయే అతనికి శిక్ష. పదునారవ శతాబ్దపు ఇటలీ యూదు వ్యాఖ్యాత స్ఫోర్నో మాత్రము, బాధ తాళలేక లొంగిపోవుట నిజమైన ఎంపిక కాదు గనుక దేవుడు ఫరోకు తట్టుకొను బలము నిచ్చి అతని స్వేచ్ఛను నిలిపినాడని తలక్రిందులుగా వాదించినాడు. కథా క్రమమునకు మైమోనిడీస్ వివరణ దగ్గరగా ఉన్నది గాని, 4:21లోని ముందుమాట దానికి చిక్కుగానే మిగులును.

పౌలు వివరణ

రోమీయులకు వ్రాసిన పత్రిక 9వ అధ్యాయములో పౌలు ఈ ఫరోనే ఉదాహరించి, అట్లయిన దేవుడు ఇంకను తప్పుపట్టుట ఎందుకను ఆక్షేపణను తానే లేవనెత్తినాడు. జవాబుగా కుమ్మరిని, మంటిని చూపినాడు. ఇది చిక్కును విప్పుటకంటె ప్రశ్నించువాని స్థానమును గుర్తుచేయుట. ఆ వెంటనే 10వ అధ్యాయములో ప్రభువును ప్రార్థించు ప్రతివానికిని రక్షణ కలదని వ్రాసినాడు. మొదటి భాగమును వదలి రెండవదానిని, లేదా రెండవదానిని వదలి మొదటిదానిని చదివినవారి నుండియే తరువాతి వాదములు పెరిగినవి.

సంఘ చరిత్రలో

మనుష్యుడు తన శక్తితోనే నీతిగా జీవింపగలడన్న పెలేజియస్ బోధను అగస్టీను ఎదిరించినాడు. 418లో కార్తేజి సభ ఆ బోధను ఖండించినది. 1524లో ఎరాస్మస్ స్వేచ్ఛా సంకల్పమును సమర్థించుచు గ్రంథము వ్రాయగా, రక్షణ విషయములో మనుష్యుని చిత్తము బంధింపబడియున్నదని 1525లో మార్టిన్ లూథర్ బదులు వ్రాసినాడు. ఇద్దరును ఫరో కథను విస్తారముగా చర్చించినారు. స్వేచ్ఛ బలహీనపడినది గాని నశింపలేదని కాథలిక్కుల ట్రెంట్ సభ 1547లో ప్రకటించినది. అర్మీనియస్ అనుచరుల వాదమును 1618–19 డార్ట్ సభ త్రోసివేసినను, జాన్ వెస్లీ దానిని స్వీకరించి మెథడిస్టులకు అందించినాడు.

తెలుగునాట

మిషనరీలతో ఈ భేదములును వచ్చినవి. 1842లో హేయర్ గుంటూరులో ఆరంభించిన మిషను లూథరన్ సంప్రదాయము. మెదకు ప్రాంతపు మిషను వెస్లీ సంప్రదాయము. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, వెస్లీ వారసులైన మెథడిస్టులును, కాల్విన్ బోధ వారసత్వముగా గల ప్రెస్బిటేరియనులును ఆంగ్లికనులతో పాటు ఒకే సంఘములో చేరినారు.