అరిగిన బటన్ టైరు: ఎంతవరకు బాగు చేసుకోవచ్చు, ఎప్పుడు మార్చాలి?

శ్రీ సత్యసాయి జిల్లా (2022కు ముందు అనంతపురం జిల్లా) సోమందేపల్లె ప్రాంతంలో ఒకే బండి రెండు రకాల దారుల్లో తిరగాలి. ఒకటి 44వ నంబరు జాతీయ రహదారి. రెండోది చేన్లకు పోయే ఎర్రమట్టి, గులకరాళ్ల బాట. మట్టిబాటలో పట్టు కోసం చాలామంది బటన్ టైర్లు వేయించుకుంటారు. అయితే తారు మీద ఎక్కువగా తిరిగితే ఇవి తొందరగా అరుగుతాయి.

ఏది అరుగుతుంది?
వెనక టైరులో బటన్ల ముందు అంచు, అంటే నేలను మొదట తాకే అంచు, ముందుగా గుండ్రబడుతుంది. బటన్‌లో ఇంకా ఎత్తు ఉన్నా మట్టిని పట్టుకోదు, బండి జారుతుంది.

చేయగలిగినవి
మొదటిది, టైరును విప్పి తిప్పి వేయడం. అరగని వెనక అంచు ముందుకు వస్తుంది. టైరు పక్కన తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే మాత్రం తిప్పకూడదు.

రెండోది, అంచు కోయించడం. వేడి బ్లేడుతో గుండ్రబడిన అంచును సన్నగా కోసి పదును తెస్తారు. కోత బటన్ అడుగుదాకా పోకూడదు. లోపలి దారాల పొర బయటపడితే ఆ టైరు పనికిరాదు.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: కోత పదును ఇస్తుంది, కొత్త రబ్బరు ఇవ్వదు. ఇలా బాగు చేసిన టైరు చేనుబాటలో నెమ్మదిగా పోవడానికి సరే. భార్యాపిల్లలను ఎక్కించుకుని హైవే మీద పెనుకొండ దర్గాకో, హిందూపురానికో పోవడానికి కాదు.

ఆయుష్షు పెంచే అలవాట్లు
గాలిని పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. బండి మీద కంపెనీ రాసిన లెక్కే సరైనది. గాలి తక్కువైతే టైరు వేడెక్కి పగుళ్లు వస్తాయి. బండిని ఎండలో కాకుండా నీడలో పెట్టాలి. మెత్తబడుతుందని డీజిల్, కిరోసిన్ పూయకూడదు, అవి రబ్బరును పాడుచేస్తాయి.

సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ గుచ్చుకుంటే ట్యూబు ఒక్కటే మారిస్తే చాలదు. టైరు లోపల గుడ్డతో తుడిచి చూడాలి. విరిగిన ముల్లు మొన మిగిలితే కొత్త ట్యూబు కూడా పంక్చర్ అవుతుంది.

ఎప్పుడు మార్చాలి?
కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం రెండు చక్రాల బండి టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బటన్ టైరు అంతకు చాలా ముందే మట్టిలో పట్టు కోల్పోతుంది. పక్కగోడకు పగుళ్లు, ఉబ్బు, కోత ఉన్నా, బటన్ మొదట్లో చీలిక కనిపించినా బాగుచేత మానేసి మార్చేయాలి. కొనేటప్పుడు పక్కనున్న నాలుగు అంకెలు చూడాలి. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైనది. ఏళ్ల తరబడి కొట్లో పడి ఉన్న టైరు వాడకపోయినా గట్టిబడుతుంది.

కోత వేసిన పాత టైరు అమ్మేవాళ్లు ఆ మాట కొనేవాడికి ముందే చెప్పాలి. దాచిపెట్టి అమ్మితే అది ధోకా. ఆ టైరు మీద పోయేది ఒక్క మనిషి కాదు, ఒక కుటుంబం.