దొంగ వేగం లేని బొమ్మ

ఆ దుంగ కాస్త లోపలికి తొయ్యి అబ్బాయ్, పొగ మొగాన కొడతా ఉంది. ఆఁ, చాల్లే. పొద్దున నువ్వు ఫోన్లో చూసిన కారు రేసు సినిమా ఏందిరా అది? కార్లు గాల్లో తేలిపోతున్నాయి. ఒక్క టైరన్నా రోడ్డుకు ఆనిందా? అంతా కంప్యూటర్లో చేసిందే. నేనొక బొమ్మ సంగతి చెప్తా, వినండి. పేరు గ్రాండ్ ప్రీ. 1966లో అమెరికా వాళ్లు తీశారు. అందులో కారు పోయిందంటే నిజంగా పోయిందే.

ముందు నాకు ఆ పిచ్చి ఎట్టా పట్టిందో చెప్పాల. అప్పట్లో మన కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. ఒంగోలు జిల్లా వచ్చింది 1970లో. దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టింది 1972లో. వానల్లేక చేలు బీడు పడితే వయసు పిల్లోళ్లు పామూరు మీదుగా నెల్లూరు పోయి, ఆడ మద్రాసు బస్సు ఎక్కేవాళ్లు. నేనూ అట్టానే పోయి ఒక లారీ షెడ్డులో పనికి కుదిరా. ఆ దారిలో గుమ్మిడిపూండి దాటినాక, రెడ్‌హిల్స్ రాకముందు షోలవరం తగులుద్ది. రెండో ప్రపంచ యుద్ధం నాడు విమానాలు దిగేదానికి వేసిన రన్‌వే ఒకటి ఆడ పడి ఉండేది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్లు దాని మీద రేసులు పెట్టేవాళ్లు.

మా మేస్త్రి నన్ను తీసకపోయాడు. ఫియట్లు, హెరాల్డులు, ఇంట్లో చేసుకున్న ఒంటి సీటు బళ్లు, మోటారు సైకిళ్లు. ఎండకు రన్‌వే పెనం మాదిరి కాలతా ఉంటే జనం తలకు తువ్వాళ్లు చుట్టుకుని నిలబడే ఉండేవాళ్లు. రేసు ఇంజన్లలో కొన్నిటికి ఆముదంతో చేసిన ఆయిలు పోసేవాళ్లు. బండి మన ముందు నుంచి దూసుకుపోయినాక ఆ ఆముదం కాలిన వాసన అక్కడే నిలబడేది. మన చేలల్లో పండే ఆముదమే గదా! ఆ వాసన తగిలేసరికి ఊరు గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

ఆ షోలవరంలో పేరు తెచ్చుకున్నోళ్లలో కోయంబత్తూరు కరివర్ధన్ ఒకడు. తరాల కిందట అరవదేశం పోయి స్థిరపడిన మన తెలుగు నాయుళ్ల బిడ్డ, లక్ష్మీ మిల్స్ కుటుంబం. తను నడిపిందే గాక, మారుతీ ఇంజన్ పెట్టి తక్కువ ఖర్చులో రేసు కార్లు కట్టి కుర్రోళ్లకు దారి చూపించాడు. 1995లో విమానం కూలి పోయాడు పాపం. కోయంబత్తూరులో రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టుకున్నారు. ఆ ఊరి పిల్లోడే నారాయణ్ కార్తికేయన్, 2005లో ఫార్ములా వన్‌లో దిగిన మొట్టమొదటి భారతీయుడు.

సరే, బొమ్మ కాడికొస్తా. అది మద్రాసులో చూశా. పరదా మీద మొదట కనపడేది ఏందనుకున్నారు? హీరో గాదు. సైలెన్సరు గొట్టం నల్లటి బొక్క! ఆ తర్వాత స్పార్క్ ప్లగ్గు బిగించే చెయ్యి, నట్టు మీద తిరిగే స్పానరు, వణికే ముల్లు. పరదాను ముక్కలు ముక్కలుగా చేసి ఒకే పనిని పది గళ్లలో, ఇరవై గళ్లలో చూపించాడు. అది కూర్చింది సాల్ బాస్ అనే ఆయన. మా చేతులకు ఎప్పుడూ గ్రీజే. మమ్మల్ని చూసి బస్సులో పక్కకు జరిగేవాళ్లు. అంత పెద్ద పరదా మీద మెకానిక్ చెయ్యిని అంత గౌరవంగా చూపించిన బొమ్మ నేను ఇంకోటి చూళ్లేదు.

తీసినాయన జాన్ ఫ్రాంకెన్‌హైమర్. అప్పట్లో అందరూ చేసే పనేందంటే, కారును నిదానంగా పోనిచ్చి, కెమెరాను నిదానంగా తిప్పి, పరదా మీద వేగంగా పోయినట్టు చూపించేది. అది దొంగ వేగం. ఈయన అట్టా కుదరదన్నాడు. గంటకు 200 కిలోమీటర్ల దరిదాపుల్లో పోవాల్సిందే, అట్టానే తీయాల్సిందే అన్నాడు. 70 ఎం.ఎం. కెమెరా అంటే ఎంత బరువో! దాన్ని కారుకు ఒక పక్కన బిగిస్తే బండి ఒరిగిపోద్ది. అందుకని కావడికి సరితూకం చేసినట్టు రెండో పక్కన బరువు కట్టారు. ఇంక కెమెరా కారు నడిపినాయన ఎవరనుకున్నారు? ఫిల్ హిల్. 1961లో ప్రపంచ ఛాంపియన్! ఫోర్డ్ జీటీ40 కారుకు కెమెరాలు కట్టుకుని రేసు కార్ల మధ్యన తోలాడు.

యాక్టర్లు కూడా బొమ్మలు మాదిరి కూర్చోలేదు. జిమ్ రస్సెల్ స్కూలు వాళ్లు ఫార్ములా త్రీ కార్లకు పైన తొడుగులు వేసి ఫార్ములా వన్ కార్లుగా తయారుచేశారు. హీరో జేమ్స్ గార్నర్‌కు బాబ్ బాండురాంట్ అనే రేసర్ తోలటం నేర్పించాడు. గార్నర్ ఆరడుగులు దాటిన మనిషి, ఆ కారేమో ఇరుకు గొట్టం. అయినా పట్టి తోలాడు, అసలు రేసర్లే మెచ్చుకునేటట్టు తోలాడు. బ్రియాన్ బెడ్‌ఫర్డ్ అనే ఇంకో నటుడికి మటుకు డ్రైవింగ్ చేతకాదు. ఆయన బదులు వేరేవాళ్లు తోలారు. ఆయన వేషానికి పెట్టిన హెల్మెట్టు జాకీ స్టీవర్ట్ అనే రేసర్ పెట్టుకునే గళ్ల పట్టీ హెల్మెట్టు లాంటిదే. జపాను కంపెనీ యజమాని వేషం తోషిరో మిఫునే వేశాడు. డైరెక్టర్ కురొసావా బొమ్మల్లో కత్తి పట్టిన ఆయనే.

ఫెరారీ కార్ల కంపెనీ పెద్దాయన ఎంజో ఫెరారీ మొదట్లో తన పేరు వాడుకోవద్దన్నాడు. ఫ్రాంకెన్‌హైమర్ మొనాకోలో తీసిన దాంట్లోంచి అరగంట బొమ్మ తీసకపోయి చూపించాడు. చూసినాక ఆ పెద్దాయన ఫ్యాక్టరీ తలుపులే తెరిచాడు. నాకు బాగా నచ్చిన సంగతి ఇదిరా. బతిమాలలేదు, డబ్బు ఆశ పెట్టలేదు, పని చూపించి ఒప్పించుకున్నాడు.

నిజం రేసుల మధ్యలోనే తీశారు గాబట్టి నిజం ప్రమాదాలూ దగ్గర్నే జరిగాయి. 1966లో బెల్జియం దేశంలో స్పా అనే చోట, మొదటి చుట్టులోనే ఉన్నట్టుండి వాన దిగింది. ఒక పక్క రోడ్డు పొడి, ఇంకో పక్క నీళ్లు. సగం కార్లు రోడ్డు దిగిపోయాయి. ఫిల్ హిల్ కెమెరా కారుతో వాళ్ల వెనకే ఉన్నాడు. జాకీ స్టీవర్ట్ కారు నలిగి, ఆయన లోపల ఇరుక్కుపోయాడు. ట్యాంకు పగిలి పెట్రోలు ఒంటి మీద కారతా ఉంటే, తోటి రేసర్లు స్పానరు అడిగి తెచ్చి స్టీరింగు విప్పి బయటకు లాగారు. ట్రాకు కాడ సరైన డాక్టరు ఏర్పాటు లేదు. ఆ రోజు నుంచి స్టీవర్ట్ రక్షణ ఏర్పాట్ల కోసం పట్టుబట్టి కొట్లాడాడు.

బొమ్మలో ప్రమాదాలకు మటుకు మనుషుల్ని పెట్టలేదు. ఇంజన్ తీసేసిన కారులో బొమ్మ మనిషిని కూర్చోబెట్టి, వాయువుతో పేలే ఫిరంగిలోంచి కొట్టారు. మొనాకోలో గార్నర్ కారు ఎగిరి సముద్రంలో పడే ఘట్టం ఉంది చూడండి, అది ఉత్త కల్పన గాదు. 1955లో ఆల్బెర్టో అస్కారీ అనే రేసర్ నిజంగానే అక్కడ నీళ్లలో పడి ఈదుకుంటా బయటికొచ్చాడు.

బొమ్మలో కనపడిన రేసర్లను తలుచుకుంటే కడుపు తరుక్కుపోద్ది. లొరెంజో బండీని 1967లో, అదే మొనాకోలో, అదే రేవు పక్క మలుపు కాడ కారు అంటుకుని కాలిపోయి మూడో రోజున పోయాడు. రోడ్డు పక్కన గడ్డి మోపులు పేర్చి ఉన్నాయి, మంట వాటికి అంటుకుంది. అప్పటినుంచి గడ్డి మోపులు పెట్టటం మానిపించారు. జిమ్ క్లార్క్ 1968లో, బ్రూస్ మెక్‌లారెన్, యోకెన్ రింట్ 1970లో, ముగ్గురూ కార్లలోనే పోయారు. బొమ్మలో వాళ్లు నవ్వుతా హెల్మెట్టు పెట్టుకుంటా ఉంటారు, ముప్పై ఏళ్లు, అంతకు లోపు వాళ్లే.

గ్రాండ్ ప్రీ వచ్చిన ఐదేళ్లకు యాక్టర్ స్టీవ్ మెక్వీన్ లె మాన్ అని ఇంకోటి తీశాడు. అది కూడా గొప్పదే. అసలు రేసులోనే కెమెరా కారు దించాడు. ఆ షూటింగులో డేవిడ్ పైపర్ అనే రేసర్‌కు కాలు పోయింది. రెంటిలో నాది గ్రాండ్ ప్రీ పక్షమే.

దానికి 3 ఆస్కార్లు వచ్చాయి. ఎడిటింగుకు ఒకటి, శబ్దానికి రెండు. కథ మటుకు మామూలుదే. ప్రేమలు, పోట్లాటలు, మధ్యలో కాస్త సాగదీశాడు కూడా. అయినా రేసు మొదలైతే కన్ను పక్కకు పోదు. దాదాపు మూడు గంటల బొమ్మ. ఆ ఫోన్లో మటుకు చూడబాకండిరా. పండక్కి మీ నాయన వచ్చినప్పుడు పెద్ద టీవీకి పెట్టించండి, సౌండు తగ్గించబాకండి. ఆ స్పానరు పట్టిన చేతులు వచ్చినప్పుడు నన్ను పిలవండి.