కోటా రామస్వామి రెండు టెస్టులు

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములలో వరికోతలైన పిమ్మట బాలురు చేలలో కఱ్ఱలు పాతి క్రికెట్టు ఆడుట మనమెఱిగినదే. కొల్లేటికి దక్షిణమున నున్న బందరు సి. కె. నాయుడు పూర్వుల యూరని చెప్పుకొని గర్వింతుము. ఆయనతో కలసి యాడిన మఱియొక తెలుగువాని మాత్రము మఱచితిమి.

కోటా రామస్వామి 1896 జూన్ 16న చెన్నపట్టణమున జన్మించెను. తండ్రి బుచ్చిబాబు నాయుడు. ఆ దినములలో మద్రాసు క్రికెట్టు క్లబ్బు దొరలది. ఆటకు పిలువబడిన భారతీయులు సయితము వారి భవనమున అడుగిడరాదు. చెట్లనీడను కూర్చుండి భుజింపవలెను. అస్పృశ్యత మన యిండ్లలోనే కాదు, ఆటస్థలములందును ఉండెను! బుచ్చిబాబు ఆ యవమానమును దిగమ్రింగి యూరకుండలేదు. మద్రాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పి మనవారికి ఆట నేర్పించెను. 1908లో ఆయన గతించెను. కుమారుడు తల్లివైపువారికి దత్తుడగుటచే కోటావాడాయెను.

రామస్వామి కేంబ్రిడ్జిలో చదివెను. 1922లో డేవిస్ కప్పు టెన్నిసులో దేశము తరఫున ఆడెను. ఎడమచేతి ఆటగాడు. క్రికెట్టులో దేశపు పిలుపు వచ్చుసరికి నలువదేండ్లు నిండినవి.

1936లో ఇంగ్లండు వెళ్లిన జట్టునకు నాయకుడు విజయనగరపు మహారాజకుమారుడు. ఆయనయు తెలుగువాడే; కాని నాయకత్వము సంపాదించినది బ్యాటు కాదు, సంస్థానపు పలుకుబడి యని మా యభిప్రాయము. మూడు టెస్టులలో ఆయన చేసినవి 33 పరుగులు. మేటి ఆటగాడైన లాలా అమరనాథ్‌ను క్రమశిక్షణ పేర నడుమనే ఇంటికి పంపిరి. మొదటి టెస్టులో రామస్వామికి చోటు దొరకలేదు. జూలైలో మాంచెస్టరునందు దొరికినది: 40, 60 పరుగులు చేసెను. ఆగస్టులో ఓవలు మైదానమున 29, పిమ్మట ఔటు గాక 41. ఆ యిన్నింగ్సులోనే సి. కె. నాయుడు 81 చేసెను. ఇరువురును నలుబదేండ్లవారు! యువకులు తడబడిన చోట వారు నిలిచిరి.

మొత్తము 170 పరుగులు, సగటు 56.66. అంతటితో సరి. ఓవలు ఆటయే ఇరువురికిని కడపటి టెస్టు. నడుమ మహాయుద్ధము వచ్చుటచే భారతజట్టు మరల టెస్టు ఆడినది 1946లో. అప్పటికి రామస్వామికి ఏబదేండ్లు. దొరల పందిరిలో మనవారికి చోటు లేని కాలమున పుట్టుటయు, రాజుల చేతిలో జట్టున్న కాలమున ఆడుటయు ఆయన నేరములు కావు. ఇరువదియైదవయేట ఆ బ్యాటు ఏమి చేసియుండెడిదో లెక్కపుస్తకములు చెప్పవు.

1985 అక్టోబరు 15న, ఎనుబదితొమ్మిదవ యేట, ఆయన మద్రాసులోని తన యింటినుండి నడచి వెడలిపోయెను. మరల తిరిగి రాలేదు.