మూలా నక్షత్రం, పాలపుంత కేంద్రం: తిరుపతి ఆకాశం నుంచి ఒక పరిశీలన

తిరుపతి వాసులకు ఆకాశగంగ అంటే ముందుగా స్ఫురించేది తిరుమల కొండ మీది తీర్థం. సంస్కృతంలో పాలపుంతకూ అదే పేరు. ఈ రెండవ ఆకాశగంగ నడిబొడ్డును ప్రాచీనులు ఎరుగుదురనీ, అందుకే అక్కడి నక్షత్రానికి 'మూల' అని పేరు పెట్టారనీ ఒక వాదం ప్రచారంలో ఉంది.

ఈ వాదానికి ఆధారం బొత్తిగా లేకపోలేదు. లాహిరి అయనాంశతో గణిస్తే పాలపుంత కేంద్రం ధనూరాశిలో సుమారు 3 డిగ్రీల వద్ద, అంటే మూల మొదటి పాదంలోనే పడుతుంది. తిరుపతి అక్షాంశం నుంచి అది దక్షిణాన దాదాపు 47 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. చైత్ర వైశాఖాల తెల్లవారుజామున, దీపకాంతి సోకని చిత్తూరు పల్లెల్లో దక్షిణాభిముఖంగా నిలిచి వృశ్చికం కొండిని గుర్తించాలి. దానికి పైన, కాస్త ఎడమగా, సుమారు 8 డిగ్రీల దూరంలో కేంద్రం ఉంటుంది. చాచిన చేతి పిడికిలి వెడల్పు కన్నా అది కొంచెం తక్కువే.

అయితే పేరు చరిత్ర వేరే కథ చెబుతుంది. తైత్తిరీయ సంహిత నక్షత్రాల వరుసలో ఈ స్థానంలో ఉన్నది 'మూల' కాదు, 'విచృతౌ'. అది ద్వివచనం, కొండి కొసన ఉన్న జంట చుక్కలను సూచిస్తుందని పండితుల గుర్తింపు. తైత్తిరీయ బ్రాహ్మణం 'మూలబర్హణి' అని, శత్రువుల వేరు పెరికినదిగా తానే వ్యుత్పత్తి చెబుతుంది. దేవత నిరృతి. ఆ వేరు పెకలించవలసినదే గాని, విశ్వానికి నడుమ నిలిచినది కాదు.

కంటికి ఆ కేంద్రం కనిపించే అవకాశమూ లేదు. నడుమ ఉన్న ధూళిని దాటి దృశ్యకాంతి లక్ష కోట్లలో ఒక వంతు మాత్రమే మనల్ని చేరుతుంది. చిత్తూరుకు దక్షిణాన తమిళనాడులోని కావలూరులో 1986లో నెలకొల్పిన 2.3 మీటర్ల వేణు బప్పు దూరదర్శినికీ ఇదే అవరోధం. నక్షత్రాలను లెక్కించిన కాప్టెయిన్ 1922లో కూడా సూర్యుణ్ణి పాలపుంత నడుమకు సమీపంలోనే ఉంచాడు. గోళాకార తారాగుచ్ఛాలు ధనూరాశి వైపు గుమికూడడాన్ని బట్టి 1918లోనే షాప్లీ కేంద్రం దిశను సరిగా ఊహించాడు. అటునుంచి వచ్చే రేడియో తరంగాలను జాన్‌స్కీ 1933లో ప్రకటించగా, బలిక్, బ్రౌన్ 1974లో అక్కడి సూక్ష్మ రేడియో మూలాన్ని పట్టుకున్నారు. తెలుగులో దీన్నీ 'మూలం' అనే అంటాము; అది కేవలం అనువాద యాదృచ్ఛికం.

ఇక పాదం కలవడం సంగతి. క్రాంతివృత్తాన్ని 27 సమభాగాలు చేసినప్పుడు ఆకాశంలోని ఏ బిందువైనా ఏదో ఒక నక్షత్రంలో పడక తప్పదు.