చెస్ ఇంజిన్ చెప్పిందే ఫైనలా?

నిజామాబాద్‌లో రైలెక్కి గోదావరి బ్రిడ్జి దాటితే బాసర. అక్కడి ట్రిపుల్ ఐటీ మనందరికీ తెలుసు. మరి ఆ ఆర్జీయూకేటీకి మొదటి ఛాన్సలర్ ఎవరో తెలుసా? రాజ్ రెడ్డి గారు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డ్ అందుకున్న మనిషి. మన ఫోన్‌లో ఉన్న చెస్ ఇంజిన్ కథలో చాలా భాగం ఆయన పనిచేసిన కార్నెగీ మెలన్ యూనివర్సిటీలోనే నడిచింది.

ఆయన 1969లో అక్కడ చేరారు. అక్కడే హాన్స్ బెర్లినర్ అనే ఆయన ఉండేవాడు. ఉత్తరాల మీద ఆడే చెస్‌లో వరల్డ్ ఛాంపియన్. 1970ల్లో ఆయన చెస్ ప్రోగ్రాముల్లో ఒక లోపం చూపించి, దానికి 'హొరైజన్ ఎఫెక్ట్' అని పేరు పెట్టాడు. అదేంటంటే, ప్రోగ్రామ్ కొన్ని ఎత్తుల దాకానే ముందుకి చూస్తుంది. మంత్రి ఎలాగూ పోయేదే అని తెలిస్తే, మధ్యలో ఒక బంటుని బలి ఇచ్చి ఆ నష్టాన్ని తన చూపు దాటి అవతలికి నెడుతుంది. ఇక నష్టం లేదనుకుంటుంది! బోధన్ వైపు చెరకు రైతుల ఇళ్ళల్లో ఇది చెప్పక్కర్లేదు. ఒక అప్పు వాయిదా కట్టడానికి ఇంకో అప్పు చేస్తే ఆ నెల గడుస్తది, అప్పు మాత్రం తీరదు.

మరి ఇలాంటి లోపాలు పట్టుకోవడం ఎట్లా? మేం కోడ్ రాసి టెస్ట్ కేసులు పెట్టినట్టే, ఇంజిన్లకి కష్టమైన పొజిషన్లు పెట్టారు. 1982లో వచ్చిన బ్రాట్కో-కోపెక్ టెస్ట్‌లో 24 పొజిషన్లు. ఒక్కోదానికి రెండు నిమిషాలు. సగం లెక్క వేస్తే దొరికేవి. మిగతా సగంలో వెంటనే గెలుపు ఉండదు, బంటుని ఎక్కడ ఎప్పుడు తోయాలో అర్థం కావాలి.

1988లో అమెరికా ఏఐ సంఘం అధ్యక్షుడిగా చేసిన ప్రసంగంలో రాజ్ రెడ్డి గారు వరల్డ్ ఛాంపియన్ స్థాయి చెస్ మెషీన్‌ని ఒక పెద్ద సవాలుగా పెట్టారు. అదే ఏడాది కార్నెగీ మెలన్ విద్యార్థుల డీప్ థాట్, బెంట్ లార్సెన్ అనే గ్రాండ్‌మాస్టర్‌ని ఓడించింది. దాని వారసుడే ఐబీఎం డీప్ బ్లూ. 1997లో కాస్పరోవ్‌ని 3.5-2.5తో గెలిచింది.

ఇక కథ అయిపోయిందా? కాలేదు. 1987లో బ్రసెల్స్ టోర్నమెంట్‌లో జేమ్స్ ప్లాస్కెట్ ఒక పజిల్ చూపించాడు. దాన్ని తయారుచేసింది గైస్ వాన్ బ్రూకెలెన్. అక్కడున్న గ్రాండ్‌మాస్టర్లు తలలు పట్టుకున్నారు. మిఖాయిల్ తాల్ పార్కులో నడిచొచ్చి జవాబు చెప్పాడు. 2021లో పరిశోధకులు ఇదే పజిల్‌ని స్టాక్‌ఫిష్‌కీ, లీలా చెస్ జీరోకీ ఇచ్చారు. స్టాక్‌ఫిష్‌దే పైచేయి. ఎందుకంటే అది చాలా ఎక్కువ పొజిషన్లు వెతుకుతుంది. లీలా తన అంచనాకి నచ్చిన దారుల్లోనే ఎక్కువ తిరుగుతుంది. వింతగా కనిపించే ఎత్తు ఆ అంచనాకి తొందరగా తట్టదు.

సో, ఇంజిన్‌తో మనం గెలవలేం, నిజమే. కానీ స్క్రీన్ పక్కన ప్లస్ 3 అని చూడగానే మన ఆలోచన ఆగిపోతుంది చూడండి, అసలు నష్టం అక్కడుంది. ఈసారి ఇట్లా చేయండి. ముందు ఇంజిన్ ఆపి, పది నిమిషాలు ఆలోచించి మీ ఎత్తు కాగితం మీద రాయండి. తర్వాత ఇంజిన్ ఆన్ చేసి మూడు లైన్లు చూపించమనండి. డెప్త్ పెరుగుతుంటే నంబర్ మారుతుందా గమనించండి. మీ ఎత్తు అందులో లేకపోతే, బోర్డ్ మీద మీరే ఆ ఎత్తు ఆడి, ఇంజిన్ ఏం జవాబు చెప్తుందో చూడండి. ఒక్కోసారి నంబర్ అక్కడే మారిపోతుంది. మారకపోతే, మీరు ఎక్కడ తప్పారో ఆ జవాబే చూపిస్తుంది. రెండిట్లో ఏదైనా లాభం మీకే.