పందుల దాణాలో మొక్కల సారాలు

తల్లి పందులకు, పాలు మాన్పించిన పిల్లలకు మేతలో కలిపి ఇచ్చే మొక్కల నూనెలు, సారాలు. ఒరెగానో ఆకులోని కార్వక్రాల్, థైమాల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్, మిరప సారం వీటిలో ముఖ్యమైనవి. మన వాము ఘాటు కూడా థైమాల్‌దే.

ఎదుగుదల కోసం యాంటీబయాటిక్స్ వాడటాన్ని స్వీడన్ 1986లో, యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి నిషేధించాయి. పిల్లల విరేచనాలకు వాడే అధిక మోతాదు జింక్ ఆక్సైడ్‌కూ 2022లో యూరోపియన్ యూనియన్‌లో తెరపడింది. దాంతో మొక్కల సారాలకు గిరాకీ పెరిగింది.

మూడు నాలుగు వారాలకే తల్లి నుంచి వేరైన పిల్ల మొదట్లో మేత సరిగా ముట్టదు. కడుపులో ఆమ్లం చాలదు, పేగు గోడ మీది సన్నని నూగు కురచబడుతుంది, ఈ.కోలై బ్యాక్టీరియా విజృంభించి నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. ప్రయోగశాలలో ఈ సారాలు ఆ బ్యాక్టీరియాను బాగానే అణుస్తాయి. కొట్టంలో ఫలితాలు మాత్రం ఒకేలా ఉండవు. నూనెలు ఆవిరవుతాయి, చాలా భాగం పేగు మొదట్లోనే ఒంట్లోకి ఇంకిపోతుంది. అందుకే వాటికి కొవ్వు పొర పూసి ఇస్తారు.

తల్లి మేతలోని సోంపు తరహా వాసన ఉమ్మనీటి ద్వారా, పాల ద్వారా పిల్లలకు అలవాటవుతుందని, అదే వాసన ఉన్న దాణాను అవి త్వరగా అందుకుంటాయని నెదర్లాండ్స్ పరిశోధనలు చూపాయి. సారాల ఉపయోగాల్లో ఎక్కువ ఆశ కలిగించేది ఇదే. అయితే మోతాదు మించితే ఘాటుకు పిల్లలు మేతే మానేస్తాయి. విరేచనాలు ముదిరితే సారాలతో కాలయాపన చేయక పశువైద్యుణ్ణి పిలవాలి.