ప్లగ్గు ఏడున్నదో సూసినంకనే కారు సూడాలె

మా బామ్మర్ది ఓనాడు అడిగిండు: "బావా, హైబ్రిడ్ తీస్కోవాల్నా, కరెంటుది తీస్కోవాల్నా? ఎనిమిదేండ్లు నడుపుత." ఆయనది ఉప్పల్‌ల ఫ్లాటు, గచ్చిబౌలిల నౌకరి. ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరుగుతడు. ఇద్దరం కాయితం ముంగటేసుకొని కూసున్నం. ఆ లెక్క మీకు గూడ పనికొస్తదని రాస్తున్న.

ముందుగాల పన్ను. కరెంటు కారుకు జీఎస్టీ 5 శాతం. హైబ్రిడ్‌ చిన్నదైతే 18, పెద్దదైతే 40. ఇది షోరూం ధరలనే కలిసుంటది. విడిగ తగిలేది లైఫ్ ట్యాక్స్. తెలంగాణల ఇది కారు ధరను బట్టి పడ్తది. 18 లక్షల హైబ్రిడ్‌కు 3 లక్షలకు పైనే. కరెంటు కారుకు 2026 డిసెంబర్ 31 దాక ఇది మాఫీ.

ఇగ నడిపే ఖర్చు. పెట్రోలు లీటరు 107 రూపాయలని, హైబ్రిడ్ లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తదని అనుకుందాం. ఏడాదికి 80 వేలు. కరెంటు కారు యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు పోతదనుకుంటే, ఇంటి మీటరు మీద నెలకు 190 యూనిట్లు ఎక్కువ పడ్తయి. శ్లాబు మారుతది, అందుకే యూనిట్ 9 రూపాయలు ఏసినం. ఏడాదికి 21 వేలు. బయట ఫాస్ట్ చార్జింగ్‌ల యూనిట్ 20 రూపాయలు ఏస్తే 46 వేలు. అంటే ఎనిమిదేండ్లల్ల ఇంట్ల చార్జింగ్ పెట్టుకునేటోనికి 4 లక్షల 70 వేలు మిగులుతయి, బయట పెట్టుకునేటోనికి 2 లక్షల 70 వేలు.

సర్వీసింగ్ సంగతి: కరెంటు కారుకు ఇంజన్ ఆయిల్ లేదు, క్లచ్చు లేదు. హైబ్రిడ్‌కు ఇంజనూ ఉంటది, మోటరూ ఉంటది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌ల కరెంటు కారుకు 15 శాతం, హైబ్రిడ్‌కు ఏడున్నర శాతం తగ్గింపు ఉన్నది. కానీ బరువు ఎక్కువ కాబట్టి కరెంటు కారు టైర్లు జల్ది అరుగుతయి.

అసలు భయం బ్యాటరీది. శానా కంపెనీలు ఎనిమిదేండ్లు లేకపోతే లక్షా 60 వేల కిలోమీటర్లు, ఏది ముందొస్తే అందాక వారంటీ ఇస్తయి. ఆ తర్వాత పోతే హైబ్రిడ్ బ్యాటరీ చిన్నది, ఖర్చు తట్టుకోవచ్చు. కరెంటు కారుది లక్షలల్ల మాట. అందుకే పాతది అమ్మబోతే కొనేటోడు వెనకా ముందాడ్తడు. ధర అక్కడ పడిపోతది. మిగిలిందాంట్ల కొంత అట్ల పోతదని ముందే రాసిపెట్టుకోవాలె.

అయినా మా కాయితం మీద కరెంటు కారే గెలిసింది. బామ్మర్ది సంబురపడ్డడు. సొంత మీటరు నుంచి సొంత పార్కింగ్ దాక, సొంత పైసలతోని వైరు గుంజుకుంట అని అపార్ట్‌మెంట్ కమిటీని అడిగిండు. "మీటింగ్‌ల మాట్లాడుదాం" అన్నరు. ఆ మీటింగ్ ఇంకా కాలే.

వైరు లేకుంటే వారానికి ఒకట్రెండు సార్లు, ఆఫీసు నుంచి అలసిపోయొచ్చి చార్జింగ్ కాడ కాపలా ఉండాలె. ఆ గంటలకు మా కాయితంల ధర ఎయ్యలే. పిల్లలు నిద్రపోయినంక ఇల్లు చేరుడుకు ఎంత ఎయ్యాలె?

మాఫీ గడువేమో దగ్గరికొస్తున్నది. దాటితే 3 లక్షల పొదుపు మాయం. అందుకే నేను జెప్పేది ఒక్కటే: ఇంటికాడ ప్లగ్గు ఖాయమైతే కరెంటు కారు కొనుర్రి. కాకపోతే హైబ్రిడ్ కొన్నోన్ని తెలివి తక్కువోడు అనకుర్రి. కమిటీలల్ల ఉన్నోళ్లు జర జల్ది మీటింగ్ పెట్టుర్రి. మీ ఒక్క సంతకం పక్క ఫ్లాటోళ్లకు లక్షల మాట.